బాస్కర్‌విల్ ఫాంట్: తెలుగు పక్కన ఇంగ్లిష్‌కి పనికొస్తుందా?

అచ్చుతప్పు
అందరికీ నమస్కారం. ఒక కవితల పుస్తకం చేస్తున్నాను. ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో ఇంగ్లిష్ అనువాదం, డెమీ 1/8 సైజు, 70 జీఎస్ఎం బరువు మ్యాప్‌లిథో కాగితం. కవిగారు ఇంగ్లిష్‌కి బాస్కర్‌విల్లే కావాలని పట్టుబట్టారు, లండన్‌లో అచ్చయిన ఏదో పుస్తకం చివరి పేజీలో ఆ పేరు చూశారట. నేనేమో ఇంగ్లిష్ అనగానే టైమ్స్ న్యూ రోమన్ పెట్టి వదిలేసే బాపతు. వర్డ్‌లో వెతికితే బాస్కర్‌విల్ ఓల్డ్ ఫేస్ అని ఒకటి కనిపించింది. అది పెట్టి 10 పాయింట్లలో ప్రింటు తీస్తే అక్షరాలు పీలగా, సన్నగీతలు ఉన్నాయా లేవా అన్నట్టు వచ్చాయి. బోల్డ్ చేస్తే మసి పూసినట్టుంది. అసలు ఈ ఫాంటే ఇంతా, లేక నేను పట్టుకున్నది వేరేదా?

డీటీపీ_బాబాయ్
వేరేదే. బాస్కర్‌విల్ ఓల్డ్ ఫేస్ హెడ్డింగులకండీ, లోపలి మేటర్‌కి కాదు. నిజానికి అది జాన్ బాస్కర్‌విల్ అనే 18వ శతాబ్దపు ఇంగ్లిష్ ప్రింటర్ చేయించింది కూడా కాదు. ఆయన అక్షరాలకి పేరొచ్చాక, అచ్చు అక్షరాలు పోతపోసే ఫ్రై వాళ్ళ ఫౌండ్రీ కోసం ఐజాక్ మూర్ అనే ఆయన 1760ల్లో అదే పోకడలో చెక్కాడు, ఆ వంశం నుంచి వచ్చింది ఇది. 36 పాయింట్లలో కవర్ మీద పెట్టి చూడండి, బ్రహ్మాండంగా ఉంటుంది. 10కి దించితే సన్నగీతలు ఎగిరిపోతాయి. పైగా ఆ ఫాంట్‌లో ఉన్నది ఒక్క రెగ్యులరే, బోల్డూ లేదు ఇటాలిక్కూ లేదు. మీరు బోల్డ్ బటన్ నొక్కితే వర్డ్ తనే ఆ గీతల్ని లావు చేసి చూపిస్తుంది, అదే మీరు చూసిన మసి.

బాస్కర్‌విల్ అనేది ఒక్క ఫాంట్ కాదు. ఆ పేరుతో పది రకాలున్నాయి, అచ్చు అక్షరాల కంపెనీ మోనోటైప్ 1923లో చేసింది వేరు, లైనోటైప్‌ది వేరు, మ్యాక్‌లో వచ్చేది వేరు, గూగుల్ ఫాంట్స్‌లో దొరికే లిబ్రే బాస్కర్‌విల్ వేరు. కవిగారు చూసిన పుస్తకంలోది చాలావరకు మోనోటైప్ వాళ్ళదాని డిజిటల్ రూపం అయ్యుంటుంది.

సింపుల్_సుబ్బు
ఒక్క డౌటు. ఈ పుస్తకం కొనే మూడొందల మందిలో ఇది బాస్కర్‌విల్, ఇది టైమ్స్ అని గుర్తుపట్టేవాళ్ళు ఎంతమంది ఉంటారు? మా కాలేజీలో ప్రాజెక్ట్ రిపోర్ట్ అంటే టైమ్స్ న్యూ రోమన్, 12 పాయింట్లు, ఒకటిన్నర స్పేసింగు, అంతే. ఎవరూ చావలేదు.

ఇంగ్లిష్_మాస్టారు
చావరు సుబ్బూ, కానీ టైమ్స్ పుట్టిందే వార్తాపత్రిక కోసం. 1932లో లండన్ టైమ్స్ పత్రికకి చేశారు. ఇరుకు కాలమ్‌లో ఎక్కువ మాటలు పట్టాలి కాబట్టి అక్షరాల్ని వెడల్పు తగ్గించి దగ్గరగా కూర్చారు. కవితకి ఆ తొందర ఏముంది? పేజీలో ముప్పావు వంతు ఖాళీయే కదా.

గుర్తుపట్టడం కూడా పెద్ద విద్యేం కాదు. చిన్న బడిలో 'జీ' అక్షరం చూడండి, బాస్కర్‌విల్‌లో దాని కింది సున్నా పూర్తిగా మూసుకోదు, ఎడమ వైపు తెరిచి ఉంటుంది. క్యాపిటల్ 'క్యూ' తోక విలాసంగా పక్కకి సాగుతుంది. 'జే' గీత కిందికి దిగిపోతుంది. 'ఈ'కి ఉన్న మూడు అడ్డగీతల్లో కిందిది మిగతా రెండింటికంటే పొడుగు. ఇటాలిక్ అయితే ఇక చెప్పక్కర్లేదు, 'ఎన్', 'టీ', 'వై' క్యాపిటల్స్ కలంతో రాసినట్టే ఉంటాయి.

కలం అని ఊరికే అనలేదు. జాన్ బాస్కర్‌విల్ మొదట దస్తూరీ నేర్పే పంతులు. బర్మింగ్‌హామ్‌లో పిల్లలకి రాత నేర్పేవాడు, సమాధి రాళ్ళ మీద అక్షరాలు చెక్కేవాడు. రాళ్ళు చెక్కిపెడతానని తన ప్రకటనని తనే ఒక పలక మీద రకరకాల దస్తూరీల్లో చెక్కుకున్నాడు, ఆ పలక ఇప్పటికీ బర్మింగ్‌హామ్ లైబ్రరీ దగ్గరుంది. తర్వాత జపానింగ్ వ్యాపారంలో దిగాడు, అంటే ట్రేలకీ పెట్టెలకీ నల్లటి మెరుపు వార్నిష్ వేయడం. అందులో బాగా డబ్బు గడించాక, 1750 ప్రాంతంలో, అంటే నలభై దాటాక, అచ్చు అక్షరాల పిచ్చి పట్టింది. మొదటి పుస్తకం రోమన్ కవి వర్జిల్ కావ్యాలు, అది 1757లో వచ్చింది. అన్నేళ్ళు పట్టడానికి కారణం, ఆయనకి అక్షరం ఒక్కటే కుదిరితే చాలదు, కాగితం, సిరా, ప్రెస్సు అన్నీ కుదరాలి.

పరదేశి_బ్రమ్
మా ఊరి పేరు వినబడితే ఊరుకోలేను. నేనుండేది బర్మింగ్‌హామే. సెంటినరీ స్క్వేర్‌లో బాస్కర్‌విల్ హౌస్ అని పెద్ద బిల్డింగ్ ఉంది, ఆయన ఇల్లు ఉన్న చోటే కట్టారు. దాని ముందు వరసగా రాతి దిమ్మెలు, ఒక్కో దాని మీద కంచుతో చేసిన ఒక్కో అక్షరం. అచ్చు పంచ్‌ల మీద, అంటే అక్షరం చెక్కిన ఉక్కు కడ్డీల మీద, ఎలా ఉంటాయో అలాగే తిరగేసి పెట్టారు కాబట్టి మామూలుగా చూస్తే అర్థం కాదు, అద్దంలో చూసినట్టు చదువుకుంటే వర్జిల్ అని వస్తుంది. 1990లో డేవిడ్ ప్యాటన్ అనే శిల్పి చేశాడు. మన తెలుగువాళ్ళు ఎవరొచ్చినా అక్కడ ఫొటో దిగి పోతారు, అవి ఏ అక్షరాలని అడిగినవాళ్ళు మాత్రం లేరు.

ఆయన కథలో ఇంకో చిత్రం ఉంది. దేవుడి మీద నమ్మకం లేని మనిషి. నన్ను చర్చి స్థలంలో పూడ్చొద్దు, మా తోటలోనే పెట్టండి అని రాసిపోయాడు. 1775లో పోతే అలాగే పెట్టారు. 1821లో అక్కడ తవ్వకాల్లో శవపేటిక బయటపడింది, పాపం కొన్నాళ్ళు జనం చూడ్డానికి కూడా పెట్టారు. చివరికి తీసుకెళ్ళి వద్దన్న చర్చి కిందే పెట్టారు, తర్వాత అక్కణ్ణించి కూడా కదిలించారు.

ఇంగ్లిష్_మాస్టారు
అంత నాస్తికుడూ అచ్చేసిన వాటిలో గొప్పదని అందరూ చెప్పేది బైబిల్, 1763లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రింటర్ హోదాలో వేశాడు. పెద్ద సైజు, నగిషీలు లేవు, బొమ్మలు లేవు, ఉత్త అక్షరాలు, వాటి చుట్టూ దండిగా తెల్ల జాగా. సరిగ్గా అమ్ముడుపోలేదు.

మ్యాప్‌లిథో70
కాగితం మాట వచ్చింది కాబట్టి ప్రెస్ వైపు నుంచి చెప్తాను. అప్పటి మామూలు కాగితం మీద దాన్ని తయారుచేసిన జల్లెడ వల చారలు కనబడేవి, గరుకు. బాస్కర్‌విల్ వర్జిల్‌లో కొంత భాగం చారలు లేని నున్నటి వోవ్ కాగితం వాడాడు, అచ్చయిన షీట్లని వేడి రేకుల మధ్య నొక్కించేవాడు. మామూలుగా లెటర్‌ప్రెస్‌లో తడి కాగితంలోకి అక్షరం దిగబడి సిరా పక్కలకి పాకుతుంది, సన్నగీత కాస్త లావెక్కుతుంది. ఈయన అది తగ్గించడానికే ఈ పాట్లన్నీ పడ్డాడు. అంటే ఆ సన్నగీత బతకాలంటే నున్నటి కాగితం, నల్లటి సిరా, గట్టి ప్రెస్సు మూడూ ఉండాలి.

ఇప్పుడు మన సంగతి చూడండి. 70 జీఎస్ఎం మ్యాప్‌లిథో పర్వాలేదు, న్యూస్‌ప్రింట్ కాదు కదా. కానీ అచ్చు వేసే ప్లేటు ఎలా చేస్తారన్నది అసలు ప్రశ్న. సీటీపీ, అంటే కంప్యూటర్ నుంచి నేరుగా ప్లేటు, అయితే భయం లేదు. ఇంకా చాలా చిన్న ప్రెస్సుల్లో లేజర్ ప్రింటర్‌తో ట్రేసింగ్ పేపర్ మీద ప్రింటు తీసి, దాంతో ప్లేటు ఎక్స్‌పోజ్ చేస్తారు. అందులో 10 పాయింట్ల 'ఈ' అక్షరం అడ్డగీత మాయమై 'సీ' అయి కూర్చుంటుంది. నా టేబుల్ మీదకి అలాంటి ఫారాలు (ఒకేసారి అచ్చయ్యే పేజీల షీట్లు) వచ్చాయి, ప్లేటు మళ్ళీ చేయించాల్సొచ్చింది. కాబట్టి ఫాంట్ కంటే ముందు ప్రెస్ వాళ్ళని ట్రేసింగా, సీటీపీనా అని అడగండి.

సింపుల్_సుబ్బు
ఇదే నేను చెప్పేది, ఇన్ని తిప్పలు పెట్టే ఫాంట్ ఎందుకు? కళ్ళకి కూడా మంచిది కాదేమో.

ఇంగ్లిష్_మాస్టారు
ఈ మాట అన్నవాళ్ళలో నువ్వు మొదటివాడివి కాదు. ఆ రోజుల్లో లండన్ వాళ్ళూ ఇదే అన్నారు, ఈయన అక్షరాలు చదివితే దేశంలో అందరికీ చూపు పోతుందని. 1760లో బెంజమిన్ ఫ్రాంక్లిన్, అవును ఆ అమెరికా ఫ్రాంక్లినే, స్వయంగా ప్రింటర్ కదా, బాస్కర్‌విల్‌కి ఒక ఉత్తరం రాశాడు. ఒక పెద్దమనిషి తన దగ్గర ఇలాగే వాదిస్తుంటే, ఫ్రాంక్లిన్ లోపలికెళ్ళి కాస్లన్ అక్షరాల నమూనా షీటు తెచ్చి, పైన పేరున్న ముక్క చింపేసి, ఇదిగో బాస్కర్‌విల్‌ది, ఇందులో తప్పేంటో చూపించండి అని ఇచ్చాడట. ఆయన ఒక్కో అక్షరం చూపిస్తూ ఇదిగో ఈ పొంతన బాగాలేదు, చదువుతుంటేనే కళ్ళు నొప్పి పుడుతున్నాయి అన్నాడు. కాస్లన్ అంటే అప్పటికి అందరూ రోజూ చదువుకునే అక్షరాలు! ఫ్రాంక్లిన్ నవ్వుకుని ఊరుకున్నాడు, పరువు తీయడం ఇష్టంలేక నిజం చెప్పలేదట.

కోడ్_కాకి
హహ, ఇప్పటి ఫాంట్ గొడవలు కూడా సగం ఇలాంటివే. దీనికి రివర్స్‌లో ఒకటుంది. 2012లో డాక్యుమెంటరీ దర్శకుడు ఎరల్ మోరిస్ న్యూయార్క్ టైమ్స్ సైట్‌లో ఒక చిన్న పేరా పెట్టి, ఇది నిజమని ఒప్పుకుంటారా అని అడిగాడు. పాఠకులకి తెలియకుండా ఆ పేరా ఒక్కొక్కరికి ఒక్కో ఫాంట్‌లో కనబడేలా చేశాడు, బాస్కర్‌విల్, జార్జియా, హెల్వెటికా, కామిక్ సాన్స్, ఇలా ఆరు. సుమారు 45 వేల మంది జవాబిచ్చారు, ఒప్పుకున్నవాళ్ళ శాతం బాస్కర్‌విల్‌లో ఎక్కువొచ్చింది.

సింపుల్_సుబ్బు
అయితే థీసిస్ బాస్కర్‌విల్‌లో పెడితే గైడ్ సంతకం పెట్టేస్తాడన్నమాట 😄

కోడ్_కాకి
తేడా ఒకటిన్నర శాతం బ్రో. అంత మాత్రానికి గైడ్ లొంగడు. నాకైతే ఆ ప్రయోగం మీద పెద్ద గురి లేదు, ఒక్క పేరాతో ఫాంట్‌కి సర్టిఫికెట్ ఇచ్చేయలేం.

అచ్చుతప్పు గారూ, మీకు ఉచితంగా, లైసెన్స్ గొడవ లేకుండా కావాలంటే లిబ్రే బాస్కర్‌విల్ తీసుకోండి. 1941 నాటి అమెరికన్ టైప్ ఫౌండర్స్ వాళ్ళ బాస్కర్‌విల్‌ని చూసి, స్క్రీన్ మీద చదవడానికి వీలుగా మార్చి చేసింది అది. చిన్నబడి అక్షరాల ఎత్తు పెంచారు, లోపలి ఖాళీలు వెడల్పు చేశారు, సన్నగీతకీ లావుగీతకీ తేడా కొంచెం తగ్గించారు. ఇదికాక గూగుల్‌లోనే ఇంకోటి ఉంది, పేరులో 'వీ' రెండుసార్లు ఉంటుంది, సెర్చ్ చేసేటప్పుడు చూసుకోండి. అది బాస్కర్‌విల్ దగ్గర పనిచేసిన క్లోడ్ జేకబ్ తర్వాత చేసిన అక్షరాల నుంచి ఫ్రాన్స్‌లో తయారైంది, కాస్త పదునుగా ఉంటుంది, శీర్షికలకి బాగుంటుంది. ఈబుక్ కూడా వేస్తుంటే చింతే లేదు, కిండిల్‌లో బాస్కర్‌విల్ ముందే ఉంటుంది, చదివేవాళ్ళు వాళ్ళకి నచ్చింది పెట్టుకుంటారు.

వట్రసుడి
అందరూ ఇంగ్లిష్ అక్షరం గురించే మాట్లాడుతున్నారు, పక్క పేజీలో తెలుగు ఉందన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అచ్చుతప్పు గారికి అసలు చిక్కు అక్కడే వస్తుంది.

తెలుగుకి లైన్ల మధ్య జాగా ఎక్కువ కావాలి. 'స్త్రీ', 'క్ష్మి' లాంటివి వచ్చినప్పుడు ఒత్తులు కిందికి దిగుతాయి, కింది లైన్‌లో గుడి, దీర్ఘం పైకి లేస్తాయి, రెండూ గుద్దుకోకూడదు. అందుకని 13 పాయింట్ల తెలుగుకి 18, 19 పాయింట్ల లీడింగ్, అంటే ఒక లైన్ నుంచి కింది లైన్‌కి దూరం, ఇస్తాం. ఎదురెదురు పేజీల్లో కవిత నడుస్తున్నప్పుడు రెండు వైపులా లైన్లు ఒకే గీత మీద ఉండాలి, లేకపోతే పుస్తకం తెరవగానే ఎగుడుదిగుడుగా కొడుతుంది. అంటే ఇంగ్లిష్‌కి కూడా అదే 18 ఇవ్వాలి. టైమ్స్ 11 పాయింట్లని 18 లీడింగ్‌లో పెట్టి చూడండి, ఇరుకు అక్షరాలు విశాలమైన లైన్ల మధ్య చెదిరిపోయినట్టుంటాయి. బాస్కర్‌విల్ అక్షరం వెడల్పు, గుండ్రన, దానికి గాలి కావాలి. ఆయన తన పుస్తకాల్లో కూడా లైన్ల మధ్య బాగా ఎడం ఇచ్చేవాడు. తెలుగు తప్పనిసరై అడిగే జాగా ఈ ఫాంట్‌కి ఇష్టమైన జాగానే. నాకు తెలిసి తెలుగు పక్కన దీన్ని పెట్టడానికి ఇంతకంటే మంచి కారణం లేదు, ఆ నాజూకుతనం, ఆ పేరు ప్రతిష్ఠలు అన్నీ తర్వాత.

ఇక తెలుగు ఏ ఫాంట్? గీత మందం మొత్తం ఒకేలా ఉండే గౌతమి లాంటిది బాస్కర్‌విల్‌కి జతగా వాడితే, ఒక పేజీ ముదురు, ఒక పేజీ లేతగా కనబడుతుంది. గీతలో లావు-సన్నం తేడా ఉన్నది చూసుకోండి. టిరో తెలుగు బాగా కుదురుతుంది, గూగుల్‌లో ఉచితం. భారతీయ ప్రాచీన గ్రంథాలు వేసే మూర్తి క్లాసికల్ లైబ్రరీ పుస్తకాల కోసం చేసిన తెలుగు అక్షరాలే దాని మూలం. ఆ వరసలో పెద్దన మనుచరిత్ర 2015లో వచ్చింది, ఎడమ వైపు తెలుగు, కుడి వైపు ఇంగ్లిష్, సరిగ్గా మీ పద్ధతే. ఎక్కడైనా దొరికితే తిరగేసి చూడండి, నోట్సు రాసుకోవడానికి అంతకన్నా మంచి నమూనా లేదు.

అచ్చుతప్పు
ఇది నేనసలు ఆలోచించలేదు, థాంక్సండీ. తెలుగు మేటర్ ప్రస్తుతం అను అనే పాత తెలుగు ఫాంట్‌లో ఉంది, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో. మధ్యమధ్యలో ఇంగ్లిష్ మాటలు కూడా ఉన్నాయి, ముందుమాటలో అయితే ప్రతి పేరాలో రెండు మూడు. వాటన్నిటినీ ఒక్కొక్కటీ సెలెక్ట్ చేసి ఫాంట్ మార్చాలా?

డీటీపీ_బాబాయ్
పేజ్‌మేకర్ వదిలి ఇన్‌డిజైన్‌కి వస్తే అక్కర్లేదు. పేరాగ్రాఫ్ స్టైల్‌లో గ్రెప్ స్టైల్ అని ఉంటుంది, ఇంగ్లిష్ అక్షరాలు ఎక్కడ కనబడితే అక్కడ ఫలానా క్యారెక్టర్ స్టైల్ వేయి అని ఒక్కసారి చెప్తే చాలు, పుస్తకమంతా అదే చూసుకుంటుంది. ఆ క్యారెక్టర్ స్టైల్‌లో బాస్కర్‌విల్, సైజు తెలుగుకంటే రెండున్నర, మూడు పాయింట్లు తక్కువ.

కానీ జాగ్రత్త. అనులో ఉన్న మేటర్‌ని, తెలుగు అక్షరాలకి సొంత కోడ్ ఉండే యూనికోడ్‌లోకి మార్చకుండా ఇది పెట్టారో, కొంప మునుగుతుంది. అను ఫాంట్‌లో తెలుగు అక్షరం వెనక ఉన్నది ఇంగ్లిష్ అక్షరాల కోడే, కంప్యూటర్‌కి తేడా తెలీదు. గ్రెప్ వేయగానే తెలుగు కవితంతా బాస్కర్‌విల్‌లో పిచ్చిగీతలైపోతుంది. ముందు కన్వర్టర్‌తో యూనికోడ్ చేసి, ప్రూఫ్ మళ్ళీ ఒకసారి పూర్తిగా చదివించండి, ఎందుకంటే కన్వర్ట్ అయ్యేటప్పుడు ఒత్తులు అక్కడక్కడ ఎగిరిపోతాయి. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేయడం మర్చిపోకండి, లేకపోతే ఒత్తులు పక్కన పడతాయి.

కోడ్_కాకి
వెబ్‌లో అయితే ఇదే పని ఇంకా తేలిక. ఫాంట్ ఫ్యామిలీలో ముందు లిబ్రే బాస్కర్‌విల్, తర్వాత తెలుగు ఫాంట్ పేరు రాస్తే సరి, మొదటిదాంట్లో తెలుగు లేదు కాబట్టి బ్రౌజర్ తెలుగుకి రెండోది తీసుకుంటుంది. సైజు పొంతన కుదరకపోతే ఫాంట్ ఫేస్‌లో సైజ్ అడ్జస్ట్ అని ఒకటుంది, దాంతో ఒక్కదాన్నే పెంచొచ్చు తగ్గించొచ్చు.

పరదేశి_బ్రమ్
ఒక చిన్న పిట్టకథ చెప్పి పోతాను, అందరూ ఆయన గురించే అంటున్నారు, ఆవిడ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఈవ్స్ అనే ఆయన భార్య సారా, భర్త వదిలేసి పోతే పిల్లలతో బాస్కర్‌విల్ ఇంట్లో పని చూసుకోవడానికి చేరింది. తర్వాత ఇద్దరూ కలిసి ఉన్నారు, ఆ భర్త పోయాక 1764లో పెళ్ళి చేసుకున్నారు. ప్రెస్సు పనిలో ఆవిడ చేయి ఉంది. బాస్కర్‌విల్ పోయాక ఆ పంచ్‌లన్నీ అమ్మింది కూడా ఆవిడే, 1779లో కొన్నది ఫ్రెంచ్ నాటక రచయిత బోమార్షే, వోల్టేర్ సమగ్ర రచనలు అచ్చు వేయడానికి. అలా ఫ్రాన్స్‌లో చేతులు మారుతూ ఉండిపోయాయి, 1953లో డెబెర్నీ పెన్యో ఫౌండ్రీ వాళ్ళు కేంబ్రిడ్జ్‌కి తిరిగిచ్చారు. 1996లో జుజానా లిచ్కో అనే డిజైనర్ బాస్కర్‌విల్‌ని తనదైన పద్ధతిలో మళ్ళీ గీసి, దానికి మిసెస్ ఈవ్స్ అని ఆవిడ పేరే పెట్టింది. కవర్ల మీద చాలా చోట్ల కనబడుతుంది.

వట్రసుడి
మిసెస్ ఈవ్స్ బాగుంటుంది కానీ డబ్బులు పెట్టాలి, పైగా చిన్నబడి అక్షరాలు మరీ పొట్టి, లోపలి మేటర్‌కి తెలుగు పక్కన తేలిపోతుంది. కవర్ వరకూ సరే.

ఇంకోటి, అనువాదాల్లో పుస్తకాల పేర్లూ కవితల పేర్లూ ఇటాలిక్‌లో పెట్టుకోండి, బాస్కర్‌విల్ ఇటాలిక్ అందం అందమే. తెలుగు వైపు మాత్రం ఇటాలిక్ బటన్ జోలికి పోవద్దు. మనకి ఆ సంప్రదాయం లేదు, చాలా తెలుగు ఫాంట్లలో ఇటాలిక్ ఉండదు, సాఫ్ట్‌వేర్ అక్షరాన్ని పక్కకి వంచి పెడుతుంది, తలకట్లు గాలికి వాలిన తాటిచెట్లలా ఉంటాయి. తెలుగులో కోట్స్ పెట్టండి, లేదా ఫాంట్‌లో ఉంటే కొంచెం ముదురు వెయిట్ వాడండి.

అచ్చుతప్పు
ప్రెస్ వాళ్ళని అడిగాను, ట్రేసింగేనట. సీటీపీ కావాలంటే వేరే చోట ప్లేట్లు చేయించి తేవాలి, ఖర్చు పెరుగుతుంది, కవిగారి సొంత డబ్బు. అందుకని లిబ్రే బాస్కర్‌విల్ 9.5 పాయింట్లలో, టిరో తెలుగు 13లో, రెండూ 18 లీడింగ్‌లో ఒక ఫారం చేసి తీశాను. సన్నగీతలు నిలబడ్డాయి, 'ఈ' అక్షరాలన్నీ 'ఈ'గానే ఉన్నాయి. కవిగారు పక్కన ఆ లండన్ పుస్తకం పెట్టుకుని చూసి, ఇది కొంచెం లావుగా ఉందే అన్నారు.

మ్యాప్‌లిథో70
లావుగా ఉండబట్టే ట్రేసింగ్‌లో బతికింది, ఆయనకి ఆ ముక్క చెప్పండి. మరీ పట్టుబడితే లోపలి పేజీలు ఇలాగే ఉంచి, టైటిల్ పేజీ, కవిత శీర్షికలు మాత్రం ఆ 'వీ' రెండున్న దాంట్లో 20 పాయింట్లకి పైన పెట్టండి. ఆ సైజులో సన్నగీతకి ట్రేసింగ్ వల్ల ఇబ్బంది ఉండదు, ఆయన వెతికే నాజూకూ కనబడుతుంది. మ్యాప్‌లిథోలో తెల్లటిది కాకుండా నేచురల్ షేడ్ దొరికితే అది తీసుకోండి, రేటులో పెద్ద తేడా ఉండదు, నలుపు అంత కొట్టొచ్చినట్టు ఉండదు.

అచ్చుతప్పు
సరేనండీ, అలాగే చేస్తాను. చివరిగా ఒక్కటి, ఇంగ్లిష్ వైపు హైఫనేషన్ ఆన్‌లో ఉంచాలా?

డీటీపీ_బాబాయ్
కవితలకి వద్దు, కవి ఎక్కడ విరిచాడో అక్కడే విరగాలి. లైన్ పట్టకపోతే మిగిలింది కింది లైన్‌లో లోపలికి జరిపి పెట్టండి. ముందుమాట ఇంగ్లిష్‌లో కూడా ఉంటే దానికి మాత్రం ఆన్ చేసుకోండి, వరసగా రెండు లైన్లకి మించి హైఫన్ రాకుండా లిమిట్ పెట్టి.